కామెర్లన్నీ ఒకటి కావు, అడ్డంకులన్నీ క్యాన్సర్ కావు

అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఎక్కడైనా కళ్లు పచ్చబడితే చాలామందికి ముందు గుర్తొచ్చేది పసరు మందు. అదే స్కానింగ్‌లో పిత్తనాళం మూసుకుపోయిందని తేలితే ఇంటిల్లిపాదీ క్యాన్సరేనని బెంబేలెత్తిపోతారు. రెండూ తొందరపాట్లే.

అపోహ: కామెర్లు ముదిరి, మనిషి చిక్కిపోయి, పిత్తనాళం ఇరుకైతే అది క్యాన్సరే.

వాస్తవం: రాయి కూడా అదే వేషం వేస్తుంది. పిత్తాశయం మెడలో ఇరుక్కున్న రాయి పక్కనున్న పిత్తనాళాన్ని బయటినుంచి నొక్కుతుంది. చుట్టూ వాపు చేరి, స్కానింగ్‌లో గడ్డలా కనిపిస్తుంది. అర్జెంటీనా సర్జన్ పాబ్లో మిరిజ్జి 1948లో దీన్ని వివరించారు. అందుకే మిరిజ్జి సిండ్రోమ్ అంటారు. కొందరిలో రాయి ఒరిపిడికి నాళానికే కన్నం పడుతుంది. ఆపరేషన్ చేసేదాకా తేలని కేసులూ ఉన్నాయి. ముందే అనుమానించకపోతే సర్జన్ పొరపాటున అసలు నాళానికే గాటు పెట్టే ప్రమాదం ఉంది.

అపోహ: క్యాన్సర్ సూచికగా చూసే రక్తపరీక్ష సీఏ 19-9 పెరిగిందంటే ఇక క్యాన్సరే, సందేహం లేదు.

వాస్తవం: సాధారణంగా 37 లోపు ఉండాల్సిన ఈ అంకె, పిత్తం ఆగిపోయి ఇన్ఫెక్షన్ సోకినా వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి పోతుంది. అడ్డు తొలగించాక మళ్లీ పరీక్షించి చూడాలి. పుట్టుకతోనే ఈ పదార్థం తయారుకాని కొద్దిమందిలో క్యాన్సర్ ఉన్నా అది పెరగదు. రిపోర్టులో ఒక్క అంకె చూసి ఏడవడం, ఊరట చెందడం రెండూ తగవు.

అపోహ: రాయి కనిపించింది కదా, క్యాన్సర్ లేనట్టే.

వాస్తవం: రెండూ కలిసి ఉండొచ్చు. ఆపరేషన్‌లో తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపారో లేదో తప్పక అడగండి. పిత్తనాళాలను చూపే ఎంఆర్‌సీపీ స్కాన్‌తో అడ్డు ఎక్కడుందో తెలుస్తుంది. నోటిద్వారా గొట్టం పంపి చేసే ఈఆర్‌సీపీలో బ్రష్‌తో తీసిన కణాల్లో ఏమీ లేదని వచ్చినా అనుమానం పూర్తిగా తీరినట్టు కాదు.

అపోహ: పసరు, కొబ్బరినీళ్లతో ఏ కామెర్లయినా పోతాయి.

వాస్తవం: వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది! కొబ్బరినీళ్లు దాహం తీరుస్తాయి గానీ రాయిని కరిగించవు. ఒళ్లంతా దురద, ముదురు రంగు మూత్రం, తెల్లబారిన విరేచనం ఉంటే పిత్తం దారి మూసుకుందేమోనని అనుమానించాలి. వీటితో చలిజ్వరం కూడా వచ్చిందా, తెల్లారేదాకా ఆగకండి. రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.