డోర్నకల్ బిషప్: నాయకత్వానికి ముందు మనసు

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళ తమిళుడొకరు బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అధిష్ఠించిన తొలి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయనకు అప్పగించిన డయోసిస్ కేంద్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. అప్పటికది చిన్న రైల్వే కూడలి. అక్కడి ప్రజల భాష తెలుగు. అది ఆయన మాతృభాష కాదు. ఈ నియామకాన్ని వ్యతిరేకించిన వారిలో పాశ్చాత్య మిషనరీలతోపాటు కొందరు భారతీయ క్రైస్తవులు కూడా ఉన్నారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

నాయకత్వం పదవితో మొదలవుతుందని సాధారణంగా అనుకుంటాం. అజరయ్య జీవితం చూస్తే, పదవి రాకముందు పదేళ్ళుగా జరిగిన మానసిక సన్నాహమే అసలు సంగతి అనిపిస్తుంది. ఆ సన్నాహానికి మూలం క్రైస్తవ విశ్వాసం.

ఆయన 1874లో తిరునెల్వేలి జిల్లాలోని ఒక గ్రామంలో, పల్లె పాదిరి ఇంట పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేశారు. పేరు, ప్రయాణాలు, విదేశీ మిత్రులు అన్నీ ఉన్న ఉద్యోగమది. 1902లో యాఴ్ప్పాణం వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో బయటి ప్రాంతాలకు ప్రచారకులను పంపడం చూశారు. అంతకంటే పెద్దదైన తమ తిరునెల్వేలి సంఘం ఆ పని చేయడం లేదన్న స్పృహ ఆయనను కలవరపెట్టింది. ఇతరులను తప్పుపట్టడానికి ముందు తనను తాను పరీక్షించుకోవడం, తప్పు కనబడితే దిశ మార్చుకోవడం క్రైస్తవంలో పశ్చాత్తాపమంటే అర్థం. మరుసటి ఏడే, 1903లో, ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. భారతీయుల డబ్బు, భారతీయుల శ్రమ, భారతీయుల నిర్వహణ అన్నది దాని నియమం. ఆ సంస్థ ఎంచుకున్న క్షేత్రం డోర్నకల్ ప్రాంతం.

1909లో అజరయ్య తానే అక్కడికి కదిలారు. ఇతరులను పంపే స్థానం నుండి తానే వెళ్ళే స్థానానికి దిగి, తెలుగు నేర్చుకున్నారు. క్రీస్తు తనను తాను రిక్తుణ్ణి చేసుకున్నాడన్న భావన క్రైస్తవ వేదాంతంలో ముఖ్యమైనది. గురువు శిష్యుల పాదాలు కడగడం దానికి దృశ్యరూపం. నడివయసులో పరభాషలో తడబడుతూ, పల్లెవాసుల చేత దిద్దించుకోవడానికి సిద్ధపడటం ఆ భావనకు ఆచరణరూపం.

అయితే వినయమంటే మౌనం కాదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. మిషనరీలు భారతీయుల కోసం ఎన్నో త్యాగాలు చేశారని కృతజ్ఞతతో ఒప్పుకుంటూనే, వారితో సమానులుగా మెలగడం లేదని స్పష్టం చేశారు. కావలసింది దానం మాత్రమే కాదు, స్నేహం కూడా అన్నది ఆ ప్రసంగ సారాంశం. సభలో కొందరికి అది రుచించలేదు. ఆతిథ్యమిచ్చిన వారి ముందే అంత నిజం చెప్పగలగడానికి, వారి మెప్పు మీద ఆధారపడని మనసు కావాలి.

డోర్నకల్‌లో ఆయన సంఘానికి వచ్చినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. బాప్తిస్మం పొందిన ప్రతివారి చేతా తల మీద చేయి పెట్టించి, తమ విశ్వాసానికి తామే సాక్షులమని ప్రమాణం చేయించేవారు. అక్షరం రాని కూలీకి కూడా బాధ్యత అప్పగించే పద్ధతి ఇది. పేదవారు ఇవ్వలేరన్న మాటనూ ఆయన ఒప్పుకోలేదు. వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుని పేరున పక్కన తీసిపెట్టే అలవాటు తెలుగు సంఘాలలో వేళ్ళూనింది. ఇచ్చే చేయి ఉన్నవాడు తనను బిచ్చగాడిగా చూసుకోడు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కథీడ్రల్‌లో దేవాలయ స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. క్రైస్తవులు కావడమంటే ఈ నేలకు పరాయివారు కావడం కాదని ఆ కట్టడం చెబుతుంది.

ఆయన మార్గం వివాదరహితమేమీ కాదు. 1930లలో సామూహిక మతాంతరాల విషయంలో గాంధీకీ ఆయనకూ తీవ్రమైన భేదాభిప్రాయం ఏర్పడింది. దళితులు ఆధ్యాత్మిక వివేచనతో మతం మారడం లేదని గాంధీ శంకించారు. తమ ఆత్మకు సంబంధించిన నిర్ణయం తాము చేసుకోగల శక్తి వారికి ఉన్నదని అజరయ్య నమ్మకం. అదే సమయంలో, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండాలన్న వాదనను ఆయన వ్యతిరేకించారు. తన సమాజానికి రాజకీయంగా లాభం కలిగించగల దానిని కాదనడం ఏ నాయకుడికైనా కష్టమే.

1919లో తరంగంబాడిలో వివిధ సంఘాల పాదిరులు సమావేశమై, విడిపోయిన క్రైస్తవ శాఖలు ఒక్కటి కావాలని ప్రకటించారు. అందులో అజరయ్యది ప్రముఖ పాత్ర. ఆ తర్వాత పాతికేళ్ళు దానికోసం పాటుపడి, 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ రోజు వేదిక మీద ఆయన లేరు. కాని ఆయన పద్ధతి ప్రకారం చూస్తే అది లోటు కాదు. తాను లేకపోయినా పని సాగేలా మనుషులను నిలబెట్టడానికే ఆయన తన మనసును అన్నేళ్ళు సిద్ధపరచుకున్నారు.