వడ్రంగి పిట్ట గుమ్మం ముందు

కామసముద్రం చుట్టుప్రక్కల కొబ్బరి తోటలూ చింతమానులూ ఉన్న ఊళ్ళవారికి వడ్రంగి పిట్టను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. కన్నడిగులు దానిని మరకుటిగ అంటారు; బంగారు గనుల తమిళ సోదరులు మరంకొత్తి అంటారు. కాని ఫోటో తీద్దామని కెమెరా పట్టుకొని మన తోటలోకి పోయి చూడండి. మానుకు అవతలి ప్రక్కకు జరుగుతుంది, తల మాత్రం ఒకమారు చూపుతుంది, గుర్రం సకిలించినట్టు కూసి ఎగిరిపోతుంది. మనిషంటే పల్లెలో దానికి అంత అనుమానం. పట్నపు తోటలో అలా కాదు. ప్రొద్దున్నే వందలాది మంది నడిచే చోట అది మనిషిని అంతగా లెక్కచేయదు. అందుచేత నా కోరిక తీర్చుకొనడానికి నేను కామసముద్రం స్టేషనులో రైలెక్కి, బంగారపేట మీదుగా బెంగుళూరు లాల్‌బాగుకు పోవలసి వచ్చింది.

హైదరాలీ 1760లో మొదలుపెట్టిన ఆ తోట నేడు 240 ఎకరాలు. గాజు మేడలో పూల ప్రదర్శనం చూచేవారు లక్షలు. తల ఎత్తి ఎండుకొమ్మలను చూచేవారు ఎందరు? మన పిట్ట కాపురం ఎక్కువగా అక్కడే. ఫిబ్రవరి నుంచి జూలై లోపల, ఏ చెట్టు క్రిందనైనా తెల్లని చెక్క తునకలు క్రొత్తగా రాలి ఉంటే పైకి చూడాలి. నాకూ అలాగే దొరికింది.

గూడు అనడమే గాని, అందులో పుల్లా పీచూ ఏమీ ఉండవు. మానును అడ్డంగా తొలిచి, లోపల క్రిందికి దింపిన గుంత అది. సాధారణంగా మూడు తెల్లని గుడ్లు. పదకొండు రోజులకు పిల్లలు. మరి ఇరవై రోజులకు అవి ఎగిరిపోవడం. ఫోటో తీసేవాడికి గడువు నెల రోజులే.

మొదటి రోజున నేను చేసిన పని చెప్పుకొనడానికి సిగ్గుగా ఉంది. నా దగ్గర ఉన్నది చిన్న లెన్సు. అందుచేత చెట్టుకు పన్నెండు అడుగుల దూరంలో స్టాండు పాతుకొని కూర్చున్నాను. పిట్ట ప్రక్క చెట్టుకు వచ్చింది, కూసింది, పోయింది, మళ్ళీ వచ్చింది. నలభై నిమిషాలు అలాగే గడిచాయి. లోపలి నుంచి పిల్లల అరుపు వినిపిస్తూనే ఉంది. నన్ను చూచి మరి నలుగురు సెల్‌ఫోనులు పైకెత్తి నిలిచారు. అప్పుడు నడకకు వచ్చిన ఒక పెద్దాయన, మన కోలారు వైపు తెలుగులోనే, “ఏం నాయనా, దాని వాకిట్లోనే కూర్చోనుండావే! అది ఇంట్లోకి ఎట్ల పోతుంది?” అన్నాడు.

స్టాండు మడిచి లేచాను. మరుసటి వారం స్నేహితుని వద్ద 400 మిల్లీమీటర్ల లెన్సు అరువు తెచ్చుకొని, ముప్ఫై అడుగుల అవతల ఒక పొద ప్రక్కన కూర్చున్నాను. పావుగంటలో మగపిట్ట తిన్నగా గూటికి వచ్చింది. నడినెత్తి అంతా ఎరుపైతే మగది. ఆడదానికి నుదురు నలుపు, దానిపై తెల్లని చుక్కలు, వెనుక జుట్టు మాత్రమే ఎరుపు. వీపు రెంటికీ బంగారమే.

ముక్కున పురుగుతో ఉన్న ఫోటో కావాలని ఇంకా రెండు ఆదివారాలు కాచుకున్నాను. రాలేదు. ఈ పిట్ట ముఖ్యాహారం చీమలు. వాటిని మింగి తెచ్చి పిల్లల నోట కక్కి పెడుతుందని తరువాత తెలిసింది. ఖాళీ ముక్కుతో వస్తున్నాడే అని నేను విసుక్కున్న తండ్రి నిండు గొంతుతోనే వస్తున్నాడన్నమాట! గట్టి తోకను ముక్కాలి పీట కాలులాగా మానుకు ఆనించి, తల గూటిలో పెట్టిన ఆ క్షణం సెకనులో వెయ్యవ వంతు వేగంతో తీస్తే గాని నిలువలేదు.

1949లో ఇ. హెచ్. ఎన్. లోథర్ మన దేశపు పక్షుల ఫోటోల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వ్రాశారు. ఆ కాలపు కెమెరాలతో గూటి దగ్గరకు పోక తప్పేది కాదు. మనకు ఆ సాకు లేదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షి గూటిని చెదరగొట్టడం కూడా వేట క్రిందికే వస్తుంది. ఆకులు అడ్డమని కొమ్మ విరిచేవారు, పిట్టను పిలవడానికి ఫోనులో దాని కూత వినిపించేవారు ఈ మాట వింటే మంచిది.

పట్నంలో దారి మీది ఎండుకొమ్మను కొట్టక తప్పదు. ఎవరి నెత్తి మీదనైనా పడవచ్చు. మన తోటల మాట వేరు. తల పోయిన కొబ్బరి మాను గట్టు మూల ఊరికే నిలిచి ఉంటే మనం చూడలేము, గొడ్డలి తీస్తాము. ఈ ఏడు మా ఇంట్లో అలాంటి మాను ఒకటి ఉంచమన్నాను. “కట్టెలకు పనికివస్తుంది గదా” అని తమ్ముడు గొణిగాడు గాని ఉంచాడు.

జూన్‌లో మళ్ళీ లాల్‌బాగుకు పోయాను. పిల్లలు ఎగిరిపోయాయి. అదే తొర్ర ముందు గోరింక ఒకటి ముక్కున గడ్డిపోచతో నిలిచి ఉంది. ఈ మారు ముందుగా వెనక్కి నడిచి, తరువాతనే సంచిలో నుంచి కెమెరా తీశాను.