సముద్రం మధ్య నుంచి పలికిన రేడియో

పిల్లలూ, మన ఇంటి రేడియో మాటలు వినిపిస్తుందే గాని, మన మాటలను ఎక్కడికీ పంపలేదు. రెండు పనులూ చేసే రేడియోలున్నవి. ప్రభుత్వ పరీక్షలో నెగ్గి, లైసెన్సు పుచ్చుకుని, సరదాకు వాటిని నడిపేవారిని 'హామ్‌'లంటారు. వారు పంపే తరంగాలు పైకి పోయి, అయనోస్ఫియర్ అనే పొరలో వంగి, వేల కిలోమీటర్ల దూరాన నేలకు దిగుతవి. అందుచేత కరీంనగర్‌లోనో, ఆదిలాబాద్‌లోనో మిద్దె మీద తీగ కట్టుకున్న హామ్ జపాను హామ్‌తో కబుర్లాడవచ్చు.

ఎన్ని దేశాలతో మాట్లాడితే వారికి అంత గొప్ప! కాని కొన్ని దీవులలో హామ్‌లే ఉండరు. అప్పుడు కొందరు జట్టు కట్టి అక్కడికే యాత్ర పోతారు. ముందు అనుమతి సంపాదించాలి. రేడియో, విడదీసి బిగించే ఏరియల్ స్తంభాలు, తీగలు, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీలు అన్నీ సరిచూసుకోవాలి. చిన్న మర మరిచినా అక్కడ దొరక్కపోవచ్చు.

అండమాన్ దీవులు మన దేశంలోవే అయినా, హామ్‌ల లెక్కలో వేరే దేశం కింద జమ. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్‌గారు జట్టుతో అక్కడికి వెళ్లారు. పోర్టుబ్లెయిర్ నుంచి 'వీయూ4ఆర్‌బీఐ' అన్న పిలుపు వినగానే దేశదేశాల హామ్‌లు పోటీపడి పలకరించారు.

డిసెంబరు 26 తెల్లవారి భూమి కంపించింది. సముద్రం పొంగి సునామీ ముంచుకొచ్చింది. టెలిఫోన్లు మూగపోయినవి. తమవారు బతికి ఉన్నారో లేదో తెలియక దూరాన ఎందరో తల్లడిల్లారు. సరదాకు తెచ్చిన ఆ రేడియోయే అప్పుడు దీవుల క్షేమసమాచారం ఒడ్డుకు చేరవేసింది!

మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు హామ్ పరీక్షకు కూర్చోవచ్చు. మరి, మీకెన్నేళ్లు?