దెబ్బతిన్న పాత జీపును తిరిగి నిలబెట్టుట

మేడ్చల్ మీదుగా నాగపూరు వైపునకు పోవునది జాతీయ రహదారి. శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవునది రాజీవ్ రహదారి. హైదరాబాదు చుట్టును వేసిన 158 కిలోమీటర్ల వలయ రహదారి ఈ రెంటిని ఇప్పుడు కలుపుచున్నను, వీని నడుమ పల్లెలకు పోవు పాత బాటలు కొన్ని ఇంకను మిగిలియున్నవి. ఆ బాటల కిరుప్రక్కల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు గుండ్లు, తుమ్మచెట్లు, వానలు కురిసిన పిమ్మట మోకాటిలోతు మడుగులు. నగరమునందు పాత జీపును ప్రాణముగా చూచుకొనువారు ఆదివారమునాడు దానిని తీసికొని ఇటు వచ్చుట కద్దు. మేమును అట్టివారలమే.

జీపు మనకు క్రొత్తది గాదు. 1941లో అమెరికా దేశపు విల్లీస్ సంస్థ సైన్యమునకై తయారు చేయ మొదలిడిన ఈ బండి, రెండవ ప్రపంచ యుద్ధము ముగియునాటికి ఆరు లక్షలకు పైగా తయారయ్యెను. 1947లో మహీంద్రా వారు విడిభాగములను తెప్పించి బొంబాయిలో కూర్చుట ప్రారంభించిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకములు మొదలైన తరువాత, బ్లాకు అధికారి గారి జీపు రాని పల్లె లేదనిపించుకొనెను. 1953లో వెలువడిన ఎత్తైన బానెట్టుగల నమూనా మన దేశమున చాలకాలము తయారయ్యెను. లోపలికి గాలిని పంపు కవాటములు ఇంజను నెత్తిమీద నుండుటచే ఇంజను పొడవెక్కినది. దానిని కప్పుటకు బానెట్టును ఎత్తవలసివచ్చినది. మా యింట నున్నది ఆ తెగ జీపే.

నిరుడు వానకాలమున, శామీర్‌పేట నుండి మేడ్చల్ వైపునకు పల్లెబాటను వచ్చుచుండగా మసక చీకటిలో గేదె యొకటి అడ్డము వచ్చెను. వేగము నలుబదియైన లేదు. ప్రక్కకు తిప్పితిమి, ముందరి ఎడమ చక్రము కల్వర్టు పిట్టగోడను కొట్టుకొనెను. ఎడమప్రక్క కూర్చున్న మిత్రుని మణికట్టు ఎముక విరిగినది. గేదె మాత్రము నింపాదిగా పోయినది.

ఇట్టి వేళ వెంటనే షెడ్డునకు ఈడ్చుకొని పోవుట పొరపాటు. ప్రమాదముపై పోలీసు కేసు నమోదైనచో, మోటారు వాహనముల తనిఖీ అధికారి బండిని చూచి నివేదిక వ్రాయువరకు ఏ మరయును విప్పకూడదు. బీమా సంగతియు అప్పుడే చూచుకొనవలెను. పాత జీపులకు పెక్కుమంది మూడవ పక్షపు బీమా మాత్రమే కట్టుదురు. దానివలన తమ బండి నష్టమునకు చిల్లిగవ్వయు రాదు. పూర్తి బీమా ఉన్నను, మరమ్మతు ఖర్చు పత్రములో వ్రాసిన విలువలో 75 శాతమును మించినచో బండి పూర్తిగా నష్టమైనట్లే లెక్క.

పైకి చూచిన మా జీపుకు పెద్ద దెబ్బ కనబడలేదు. ఎడమ మడ్‌గార్డు నలిగినది, బంపరు వంగినది, రేడియేటరు కారుచున్నది. మేము మొదట చూపిన షెడ్డువారు పది దినములలో టింకరింగు చేసి రంగు వేసి యిచ్చెదమనిరి. ఛాసీని గూర్చి అడుగగా, చిన్న బీట యున్నదనియు, దానిపై పలక నొకటి అతికి నల్లరంగు పూసినచో ఎవరికిని కనబడదనియు చెప్పిరి. ఎవరికిని కనబడదు గాని, బండిని నడుపువారము మేము. ఆ మాటతో అక్కడనుండి మరలితిమి.

జీపునకు వెన్నెముక ఛాసీ. నిలువునా రెండు ఉక్కు దూలములు, వానిని కలుపు అడ్డ దూలములు, అంతే, నిచ్చెనను పోలియుండును. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు, పై తొట్టి అన్నియు దానినే ఆధారము చేసికొనియున్నవి. ముందరి ఇరుసునకు వెనుకటి ఇరుసునకు నడుమ దూరము 80 అంగుళములు మాత్రమే. ఇంత పొట్టి బండిలో నిచ్చెన ఒకవైపు కొంచెము వంగినను చక్రములు నాలుగును తలయొక దారిని పోజూచును. నిదానముగా పోవునప్పుడు అది తెలియదు. రాజీవ్ రహదారి మీద లారీని దాటునప్పుడు, తడిరోడ్డుపై బ్రేకు నొక్కునప్పుడు తెలియును.

కావున తొట్టిని, ఇంజనును దించి ఛాసీని ఒంటరిగా నిలిపితిమి. బీటలను పట్టుటకు ఖరీదైన సాధనము అక్కరలేదు. తుప్పును, రంగును గీకి, కిరసనాయిలు పూసి, అరగంట తరువాత శుభ్రముగా తుడిచి, పైన సుద్దపొడి తడిపి పూయవలెను. ఆరిన పిమ్మట బీటలో దాగిన నూనె మెల్లగా పైకి వచ్చి తెల్లని సుద్దపై నల్లని గీతగా కనబడును. షెడ్డువారు చూచినది ఒక బీట. సుద్ద చూపినవి మూడు.

వంకరను కొలుచుటకును ఇంటి పనిముట్లే చాలును. చదునైన సిమెంటు నేలపై ఛాసీని మట్టముగా నిలిపి, మేస్త్రీలు గోడ నిలువు చూచుకొను గుండుదారమును కమానులు బిగించు చోట్లనుండి, అడ్డ దూలముల కొనలనుండి వ్రేలాడదీసి, గుండు తాకిన చోటనెల్ల సుద్దతో గుర్తు పెట్టవలెను. తరువాత ఛాసీని ప్రక్కకు జరిపి, నేలమీది గుర్తులను మూలనుండి మూలకు దారముతో కొలువవలెను. రెండు కర్ణములును సమముగా నున్నచో చట్రము చక్కగా నున్నట్లు. మేము పెట్టుకొన్న హద్దు మూడు మిల్లీమీటర్లు. మాకు వచ్చిన తేడా పదునొకండు. కంటికి మాత్రము అది తిన్నగనే యుండెను!

సరిచేయు పనిలో తొందర పనికిరాదు. నేలలో పాతిన ఇనుప దూలములకు ఛాసీని గొలుసులతో కట్టి, జాకీతో కొద్దికొద్దిగా, దెబ్బ వచ్చిన దిక్కునకు ఎదురుగా తోయవలెను. కావలసిన దానికంటె కొంచెము ఎక్కువ తోయవలెను. ఏలనన, జాకీ వదలినంతనే ఉక్కు కొంత వెనుకకు వచ్చును. తోసినప్పుడెల్ల కొలువవలెను. ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టినచో పని గంటలో తీరును గాని, కాలిన చోట ఉక్కు గుణము మారిపోవును. మా మేస్త్రి రెండు దినములు చల్లగనే లాగి తేడాను రెండు మిల్లీమీటర్లకు తెచ్చెను. అతడు పెద్దగా చదువుకొన్నవాడు కాడు. కొలతను మాత్రము కంటికంటె ఎక్కువగా నమ్మువాడు.

ఇక బీటలు. బీట కొనయందు చిన్న రంధ్రము వేయనిచో అది అతుకు క్రిందనే ముందుకు ప్రాకును. రంధ్రము వేసి, బీట పొడుగునను గాడి తీసి, లోతువరకు వెల్డింగుతో నింపి, సాపు చేసిన పిమ్మటనే బలమునకై పలకను వేయవలెను. పలక కొనలను నిలువుగా గాక ఏటవాలుగా కోయవలెను. నిలువు అతుకు వేసినచో బరువంతయు ఆ యొక్క గీతమీద పడి, కొంతకాలమునకు దూలము అక్కడనే విరుగును. దూలపు పైఅంచున, క్రిందిఅంచున అడ్డముగా అతుకకూడదు.

పెట్రోలు తొట్టిని గూర్చి ఒక మాట. ఈ జీపులలో అది నడుపువాని సీటు క్రిందనే యుండును. వెల్డింగుకు ముందు దానిని విప్పి దూరముగా పెట్టవలెను. బ్యాటరీ తీగలను తీసివేయవలెను. ఖాళీ తొట్టియే గదా యని దగ్గర నుంచువారు కలరు. నిండు తొట్టికంటె ఖాళీ తొట్టి ప్రమాదకరము. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి నిప్పురవ్వ తగిలినంతనే ప్రేలును.

ఏ భాగమును బాగుచేయవచ్చును, దేనిని పారవేయవలెను అను విషయమున మేము లోభమునకు లొంగలేదని చెప్పజాలము. వంగిన టై రాడ్డును వేడిచేసి తిన్నగా చేయవచ్చునని మాకును తోచెను. మేస్త్రి ఒప్పుకొనలేదు. స్టీరింగు కడ్డీలు, ముందరి ఇరుసు కొనలందలి కింగ్ పిన్నులు, కమాన్ పట్టీలు, వానిని బిగించు యూ బోల్టులు ఒకసారి వంగినచో మరల వాడదగినవి కావు. కమాను పట్టీకి తయారీలో పెట్టిన పదును కొలిమిలో పెట్టినంతనే పోవును. చూచుటకు కమానే, గుణమున వట్టి ఇనుము. సికిందరాబాదు రాణీగంజ్ దుకాణములలో వెదకగా చాలవరకు దొరికినవి. బ్రేకులకు ఈ తరము జీపులలో ఒకటే మాస్టరు సిలిండరు. ఒక్క గొట్టము కారినను నాలుగు చక్రములకును బ్రేకు పోవును. కనుక గొట్టములన్నియు మార్చితిమి.

ఇంజను పని స్వల్పము: ఫ్యాను రేడియేటరులోనికి చొచ్చుకొని పోయినది, ఇంజనును నిలుపు రబ్బరు దిమ్మలు చినిగినవి. తొట్టి రేకుపని ఏ మంచి టింకరింగు మేస్త్రియైనను చేయగలడు. తొట్టులు క్రొత్తవియు దొరకును. పాత జీపుల వ్యాపారమునకు హర్యానాలోని మండీ డబ్వాలీ పేరుపొందినది. అయితే చట్టమును మరువరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారు నిర్దేశించిన రూపమును యజమాని తన ఇచ్చ వచ్చినట్లు మార్చుటకు వీలులేదు. 2019లో సర్వోన్నత న్యాయస్థానము ఈ నియమమును స్పష్టము చేసెను. ఇంజను మార్చినచో రిజిస్ట్రేషను అధికారి యొద్ద నమోదు చేయించవలెను. ఛాసీపై చెక్కిన సంఖ్యను గీకుట, కోయుట కూడదు. పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలసియుండును గనుక, ఆ సంఖ్య లేని జీపు కాగితములకు పనికిరాదు.

అన్నియు బిగించి, ముందు చక్రముల దిశను చూచితిమి. రెండు చక్రముల నడుమ ముందువైపు దూరము వెనుకవైపు దూరముకంటె అంగుళములో పదహారవ వంతు తక్కువగా నుండునట్లు అమర్చి, ఊరి ప్రక్క ఎండిన కుంటలో తడియారని చోటికి తీసికొనిపోయితిమి. ఈ జీపునకు ముందు చక్రముల ఎడమును వెనుక చక్రముల ఎడమును ఒక్కటే. తిన్నగా నడిపినచో వెనుక చక్రము ముందు చక్రపు జాడలోనే పోవలెను. దిగి చూడగా వెనుక జాడ రెండు వ్రేళ్ళ మేర ఎడమకు పడియుండెను. దెబ్బ ముందు తగిలినదిగదా యని వెనుకభాగమును మేము శ్రద్ధగా చూడలేదు. వెనుక ఎడమ కమాను నడిమి బోల్టు తెగి, ఇరుసు ఆవైపున కొంచెము వెనుకకు జరిగియున్నది. మరియొక దినము పోయినది. మరల కుంటకు పోగా జాడ ఒకటే పడినది.

రెండువందల కిలోమీటర్లు నడచిన పిమ్మట యూ బోల్టులను మరల బిగించితిమి. ఒక్కొక్కటి పావుచుట్టు తీసికొనెను. ఖర్చులో సగమునకు పైగా కంటికి కనబడని చోటులందే పోయినది. మణికట్టు మానిన మిత్రుడు మరల ఎడమ సీటున కూర్చుండి, ఎదుట పట్టుకొనుటకు గట్టి కడ్డీ యొకటియు, నడుమునకు పటకాయు కావలెనని కోరెను. రెండును అమర్చితిమి.