రోగితో రైలుప్రయాణము: అడిగిననే తగ్గు ఛార్జీ

అడవిగ్రామములనుండి కొత్తగూడెము చేరి, అచ్చటి భద్రాచలం రోడ్డు స్టేషనులో రైలెక్కి, క్యాన్సరు రోగిని హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి తీసికొనిపోవువారు నిండుఛార్జీ చెల్లింపనక్కరలేదు. వృద్ధులకును, వ్యవసాయ ప్రదర్శనములకు పోవు రైతులకును ఉండిన రాయితీలను 2020 మార్చి 20 నుండి ఆపివేసిరి. రోగుల రాయితీ మాత్రము అప్పుడును రద్దు కాలేదు.

చికిత్సకు పోవు క్యాన్సరు రోగికి స్లీపరు తరగతిలో మూలఛార్జీ పూర్తిగా మాఫీ. తోడుపోవువారు అందు నాలుగవవంతు చెల్లించిన చాలును. రిజర్వేషను రుసుము వేరు. క్షయరోగికి ముప్పాతిక తగ్గును.

ఇందులకు ఆసుపత్రివారు రైల్వే నమూనాలో వ్రాసియిచ్చు సర్టిఫికెట్టు ముఖ్యము. మందులచీటీ చాలదు. అది తీసికొని ఇంటివారెవరైనను కౌంటరుకు పోవచ్చును. నిండుఛార్జీతో టిక్కెట్టు కొన్న పిమ్మట అడిగిన తేడా తిరిగిరాదు, రైలులో టి.టి.ని బ్రతిమాలినను ఫలములేదు.