తలల లెక్కా, గడియల లెక్కా

భారతదేశంలో ఒక పల్లెకు రోడ్డు పడుతుందా లేదా అన్నది చాలావరకు జనాభా లెక్కను బట్టి తేలుతుంది. 2000 డిసెంబర్ 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఇందుకొక హద్దు గీసింది. 2001 జనగణన ప్రకారం మైదానాల్లో 500 మంది, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి అన్ని కాలాల్లోనూ బండి నడిచే దారి ఉండాలని నిర్ణయించింది.

ఇక్కడ లెక్కించేది రెవెన్యూ గ్రామాన్ని కాదు, ఆవాసాన్ని. అది మంచి నిర్ణయమే. మైదానంలో ఊరంతా ఒకచోట ఉంటుంది. పాడేరు కొండల్లో ఒకే గ్రామం పేరు కింద ఉన్న గూడేలు వేర్వేరు వాలుల మీద, గెడ్డలకు అటూ ఇటూ చెదిరి ఉంటాయి. అయితే కొండ ప్రాంతాల్లో దారికి 1.5 కిలోమీటర్ల నడక దూరంలోపు ఉన్న ఆవాసాన్ని రోడ్డు ఉన్నదానిగానే పరిగణిస్తారు. కాగితం మీద అది చిన్న దూరం. వానాకాలంలో గెడ్డ పొంగినప్పుడు, నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకుపోయేవారికి అదే దాటరాని దూరం.

వైద్యశాస్త్రం దూరాన్ని కిలోమీటర్లలో కాక గంటల్లో కొలుస్తుంది. మాతృమరణాలకు దారితీసే జాప్యాలు మూడని 1994లో థడ్డియస్, మెయిన్ అనే పరిశోధకులు వివరించారు: వైద్యం కోసం బయలుదేరాలని నిశ్చయించుకోవడంలో జాప్యం, ఆసుపత్రి చేరడంలో జాప్యం, చేరాక చికిత్స అందడంలో జాప్యం. చికిత్స అందకపోతే ప్రాణం నిలిచే వ్యవధి సుమారుగా ఇంత అని ప్రసూతి వైద్యంలో ఒక అంచనా ఉంది. కాన్పు అడ్డం తిరిగితే మూడు రోజులు, గుర్రపువాతానికి రెండు రోజులు, గర్భాశయం చీలితే ఒక రోజు, కాన్పు తరువాతి రక్తస్రావానికి రెండు గంటలు. ఆ రెండు గంటలు వెయ్యి మంది ఉన్న ఊళ్లోనూ, అరవై మంది ఉన్న గూడెంలోనూ ఒక్కటే.

ఆసుపత్రిని కూడా జనాభాను బట్టే కేటాయిస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000 మందికి ఒకటి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి. జనం పలుచగా ఉన్నచోట ఆ 20,000 మంది ఎంతో విశాలమైన ప్రదేశంలో విస్తరించి ఉంటారు. అంటే తలల లెక్క చిన్న గూడేన్ని రెండు విధాలుగా దెబ్బతీస్తుంది: రోడ్డు రాదు, ఆసుపత్రి దూరమవుతుంది.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ మన్యంలో 108 వాహనం చేరలేని చోట్లకు బైకు అంబులెన్సులు వచ్చాయి. నెలలు నిండిన గర్భిణులను ముందుగానే దించి ఉంచే వసతి గృహాలు ఏర్పడ్డాయి. ఇవి రెండవ జాప్యాన్ని చాలావరకు తగ్గిస్తాయి. కానీ నెలలు నిండని కాన్పు, గర్భస్రావం, పాముకాటు చెప్పి రావు. చంటిపిల్లలనూ, పొలం పనినీ విడిచి వారాల తరబడి వసతి గృహంలో ఉండడమూ ప్రతి తల్లికీ సాధ్యం కాదు.

హద్దులు కూడా కొంత సడలాయి. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం అత్యంత వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాలకు 100 మందిని ప్రమాణంగా తీసుకుంది. 2024లో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగవ దశ 2011 జనగణనను ఆధారం చేసుకుంది. అయినా కొలత జనాభాయే. దారి లేని గూడెం నుంచి, బడి కోసమో పని కోసమో, ముందు కదిలేవి పిల్లలున్న కుటుంబాలే. వారు వెళ్లిన కొద్దీ లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గిన కొద్దీ రోడ్డు దూరమవుతుంది.

అరవై మంది కోసం కొండ తొలిచి తారు రోడ్డు వేయడం ప్రతిచోటా కుదరకపోవచ్చు. గెడ్డ మీద చిన్న వంతెన, వానలు వెలిసిన వెంటనే బాగుచేసే జీపు దారి చాలాచోట్ల సరిపోతాయి. ఏ గూడేనికి ఏది కావాలో తేల్చాలంటే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: శ్రావణ మాసపు అర్ధరాత్రి అక్కడి నుంచి రక్తం ఎక్కించగల ఆసుపత్రికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది? జనాభా పట్టికలో ఆ గడి లేదు. అది చేరితే, ముందు వరసలోకి వచ్చే ఊళ్ల పేర్లు మారిపోతాయి.