ఏప్రిల్ 23: తేదియు దినమును

సైంధవశబ్దమునకు ఉప్పు, గుఱ్ఱము అని రెండర్థములు గలవు. 'సైంధవము తెమ్ము' అని భోజనసమయమున నన్నచో ఉప్పును, ప్రయాణసమయమున నన్నచో గుఱ్ఱమును దేవలయునని శాస్త్రగ్రంథములయందు ప్రసిద్ధమైన యుదాహరణము. ప్రకరణ మెఱుఁగనివాఁడు విస్తరియొద్దకు గుఱ్ఱమును దోలుకొని వచ్చును. తేదులును ఇట్టి శబ్దములే. 'ఏప్రిల్ 23' అనునది యొక దినమునకుఁ బెట్టిన పేరు. ఆ పేరు ఏ కాలగణనమును బట్టి యేర్పడినదో తెలియనిదే దాని యర్థము నిశ్చయింప వలనుపడదు.

పాఠశాలలలో 'నేఁటి విశేషములు' అని నల్లబల్లపై వ్రాయు నాచారము కలదు. ఒక తేది క్రింద జననములు, మరణములు, ఉత్సవములు వరుసగాఁ గూర్పఁబడును. ఆచారము మంచిదే. కాని ఆ పట్టికలలోఁ గొన్నియెడల గుఱ్ఱము విస్తరియొద్ద నిలిచియున్నది.

ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తకదినము. 1995లో యునెస్కో సంస్థ దీనిని ప్రకటించినది. దీనికి మూలము స్పెయిను దేశపు ఆచారము. అచ్చట 1926లో అక్టోబరు 7వ తేదిని పుస్తకోత్సవ మారంభమై, 1930లో ఏప్రిల్ 23కు మార్పఁబడినది. ఆ దినము సెయింట్ జార్జి పర్వము. బార్సిలోనా నగరవీథులలో గులాబులమ్మువారును పుస్తకములమ్మువారును ప్రక్కప్రక్కనే కూర్చుందురు. ఈ తేదికి గౌరవము హెచ్చుటకు మఱియొక కారణముకూడఁ జెప్పుదురు: ఆంగ్ల నాటకకర్త షేక్స్పియరును, స్పెయిను కథాకర్త సెర్వాంటిసును 1616లో ఈ యొక్క దినముననే గతించిరఁట. రెండు భాషల మహాకవులు ఒక్కనాఁడే లోకమును విడుచుట వినుట కింపైన మాట. అది నిజమా యన్నదే ప్రశ్నము.

స్ట్రాట్‌ఫర్డులో షేక్స్పియరు స్మారకఫలకముపై ఏప్రిల్ 23 చెక్కఁబడియున్నది. సెర్వాంటిసు మాడ్రిడు నగరమున 22వ తేదిని మరణింపఁగా 23న ఖననము జరిగినది. అనఁగా ఒకరిది మరణదినము, ఒకరిది ఖననదినము. ఇది చిన్న భేదము. పెద్ద భేదము వేఱొకటి కలదు.

పూర్వము ఐరోపా యంతటను జూలియను గణనము చెల్లుచుండెను. అందు సంవత్సరమునకు 365 దినముల 6 గంటలు. సూర్యగతితోఁ బోల్చిన నిది కొన్ని నిమిషము లెక్కువ. నాలుగువందల యేండ్లకు రమారమి మూఁడుదినముల తేడా వచ్చును. పదునాఱవ శతాబ్దినాఁటి కీ దోషము పెరుఁగఁగా పోపు గ్రెగొరీ దానిని సవరించెను. స్పెయిను 1582లోనే యీ సవరణము నంగీకరించినది; అచ్చట అక్టోబరు 4 గురువారమునకు మఱునాఁడు అక్టోబరు 15 శుక్రవార మయ్యెను. ఇంగ్లండు మాత్రము 1752 వఱకు పాతగణనమునే పట్టుకొనియుండెను. కావున 1616లో రెండు దేశముల తేదులకు పదిదినముల యంతరము గలదు.

నమ్మనివారికి వారము సాక్షి. పంచాంగములోని యంగములలో నొకటైన వారము ఈ సవరణములవలనఁ జలింపలేదు. తేదులు దాఁటింపఁబడినను వారముల వరుస తెగలేదు. సెర్వాంటిసు ఖననము జరిగినది శనివారము. షేక్స్పియరు గతించినది మంగళవారము. ఒకేతేది రెండు వారములలో నుండుట యెట్లు పొసఁగును? షేక్స్పియరు మరణదినము నూతనగణనము ననుసరించి మే 3. సెర్వాంటిసు గతించిన పదునొకండు దినములకుఁగాని యాతఁడు గతింపలేదు.

షేక్స్పియరు జననమునకును ఇదే తేది చెప్పుట కలదు. ఆధారమున్నది 1564 ఏప్రిల్ 26న జరిగిన జ్ఞానస్నానమునకు మాత్రమే, తక్కినది యూహ.

ఈ చిక్కు పరదేశీయులకే పరిమితము గాదు. తాళ్లపాక అన్నమాచార్యులు దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాఁడు పరమపదించెను. దీనికి సరియైన తేదిగా 1503 ఫిబ్రవరి 23 అని పుస్తకములలోఁ గాననగును. ఇచ్చట వారమునకు బదులు తిథి సాక్ష్యమిచ్చును. పాతగణనముచొప్పున ఆ ఫిబ్రవరి 26 ప్రాంతమున అమావాస్య. కావున 23 ద్వాదశి యగుట సరిపోవును. నూతనగణనమును వెనుకకు జరిపి లెక్కించినచో ఫిబ్రవరి 23 విదియ తదియల ప్రాంతమునఁ బడును. ద్వాదశి మార్చి 5 అగును. పుస్తకములలోని తేది తప్పు గాదు, పాతగణనమునకు సంబంధించినది. దానిని నేఁటి దినదర్శినిలోని ఫిబ్రవరి 23తో నొకటిగాఁ దలఁచి వర్ధంతి జరుపువారు తిథిని, తేదిని రెంటిని విడిచినవారగుదురు. తిథిని బట్టి జరుపువారికి ఈ బాధ లేదు. వారి వర్ధంతి ప్రాయికముగా మార్చి ఏప్రిలు మాసములలో వచ్చును.

ఏప్రిల్ 23 పట్టికలోఁ దక్కినవి చాలవఱకు నిర్వివాదములు. 1850లో ఆంగ్లకవి వర్డ్స్‌వర్తు మరణము, 1938లో గుంటూరుజిల్లా రేపల్లె ప్రాంతమున గాయని ఎస్. జానకి జననము, 1992లో కలకత్తాలో సత్యజిత్ రాయి మరణము. ఇవన్నియు నూతనగణనములోనివే, కాని సంవత్సరములు వేఱు గనుక వీనికిఁ గలది తేదియొక్క సామ్యమే, దినమొకటి గాదు.

దినమును ఒకటియైన జంట యొకటి ఈ తేదిలోనే యున్నది. దానిని గుర్తించినవా రరుదు. 1858 ఏప్రిల్ 23న బీహారులోని జగదీశపురమున బాబు కుంవర్‌సింగు ఆంగ్లసేనను జయించెను. ఎనుబదియేండ్ల ప్రాయమునకు సమీపించిన జమీందారు. గంగను దాఁటునప్పుడు గుండుదెబ్బ తగిలిన చేతిని తానే నఱికికొనెనని జనశ్రుతి. మూఁడునాళ్లకు, 26వ తేదిని, మృతినొందెను. బీహారులో ఆ జయమునకు విజయోత్సవము జరుపుదురు.

అదే 1858 ఏప్రిల్ 23న పడమటికనుమలలోని గంగామూలారణ్యమున పండిత రమాబాయి జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, భార్యకు సంస్కృతము నేర్పినందుకుఁ దోడిపండితుల నిందకుఁ బాత్రుఁడై, అడవిలో నివాస మేర్పఱచుకొనినవాఁడు. ఆ తల్లియే కూఁతునకు గురువు. బాలిక భాగవతమును కంఠస్థము చేసినది. 1878లో కలకత్తా పండితులు పరీక్షించి 'పండిత', 'సరస్వతి' బిరుదముల నొసఁగిరి. స్త్రీకి సంస్కృతాధికారము గలదా యని వాదించుచుండిన పండితులకు ఆమె సంస్కృతముననే ప్రత్యుత్తర మిచ్చినట్లయ్యెను.

ఇచ్చట పాతక్రొత్త గణనముల తగవు లేదు. వారమును ఒక్కటియే. జగదీశపురమున జయము కలిగినది శుక్రవారము. గంగామూలమున శిశువు పుట్టినదియు ఆ శుక్రవారమే.